డప్పుకు బెదరని కోడె

మా ఇంట్లో అందరికీ తెలిసి నాకు మాత్రమే తెలియని సంగతి ఒకటి, ఒక చలికాలమంతా మాతోపాటే ఆ ఇంట్లో ఉంది. నన్ను కన్న అవ్వకు తెలుసు, నాన్నకు, అంటే బాపుకు తెలుసు. బాపును కన్న తల్లి, నేను బాపమ్మ అని పిలిచే ముసలామెకు అందరికన్నా ముందు తెలుసు. పొద్దుగూకితే కల్లు ముంతతో వచ్చి అరుగు మీద కూర్చునే చిన్నాయనకు కూడా తెలుసు. పెద్దదానివైతే నీకే అర్థమవుతుందిలే అని తర్వాత చాలామంది నాకు సర్దిచెప్పారు. పెద్దదాన్నయ్యాను, ముసలిదాన్ని కూడా అవుతున్నాను. అర్థం కాకపోవడమేమీ లేదు. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మాది నేత పని ఇల్లు. సిరిసిల్లకు దగ్గరి చిన్న ఊరు. హైదరాబాద్ రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ అనే మాట ఇంకా మా పెద్దవాళ్ళ నోటికి అలవాటు కాని రోజులు. సాంచాలని మేం పిలిచే కరెంటు మగ్గాలు అప్పటికి మా ఊరికి రాలేదు. బాపు గుంట మగ్గం మీద నేసేవాడు, అవ్వ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. మగ్గం గదిని ఆనుకుని ఒక కొట్టం, ఆ కొట్టంలో ఒక ఆవు. ఉగాది దాటిన కొన్నాళ్ళకు ఆ ఆవు ఈనింది. మగదూడ పుట్టింది.

గుంటెడు పొలం లేని ఇంట్లో మగదూడకు పనేముంటుంది? దున్నేది లేదు, బండి కట్టేది లేదు. ఎవరికీ పనికిరానిది గనక అది నాదే అనుకున్నాను. నాకప్పుడు పదేళ్ళు దాటి ఉంటాయి. నా వెనక తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లేరు. వీధిలో నాతో ఆడేవాళ్ళు ఉన్నా, నా నోటికి జడిసి ఎక్కువసేపు ఆడేవాళ్ళు కారు. దూడ మాత్రం నేనెన్ని తిట్టినా నా వెంటే తిరిగేది. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మూతి. మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు పెట్టే గంజి వాసనంటే దానికి ప్రాణం. నా లంగా అంచుకు ఎప్పుడూ గంజి అంటుకుని ఉండేది కాబట్టి, ఆ అంచు ఎప్పుడూ దాని నోట్లోనే ఉండేది. అవ్వ తిట్టేది. నేను ఆ లంగానే మళ్ళీ కట్టుకునేదాన్ని.

దానికి పేరు పెడతానంటే బాపమ్మ పెట్టనీయలేదు.

"పేరెందుకే దానికి? కోడె అంటే సాలదా?" అంది.

సరేనని నేనూ కోడె అనే పిలిచాను.

ఇక ఆ కోడె పిరికితనం గురించి చెప్పాలి. మగ్గం చప్పుడు దానికి లెక్కే కాదు, పుట్టిన రోజు నుంచీ వింటున్నదే. ఉన్నట్టుండి వచ్చే చప్పుడు మాత్రం దానికి పడేది కాదు. రోకలి కింద పడితే ఉలిక్కిపడేది. ఎవరైనా గట్టిగా తుమ్మితే కొట్టం మూలకు పోయి నిలబడేది. "నీ కోడె కన్న మా కోడిపెట్ట నయ్యం" అని చిన్నాయన నన్ను ఏడిపించేవాడు.

దీపావళి వచ్చింది. పండుగ రోజు దాన్ని కొట్టంలో పెట్టి తలుపు వేసి, లోపల నేనూ కూర్చున్నాను. బయట పటాకులు పేలినప్పుడల్లా నా చంకలో తల దూర్చి వణికింది. నేను దాని గంగడోలు రాస్తూ, తోచిన పాటల్లా పాడుతూ ఉన్నాను. ఆ రోజు ఎలాగో గడిచింది. అసలు గొడవ మర్నాడు జరిగింది. మిగిలిపోయిన పటాకులు పిల్లలు పొద్దుటే అంటించారు. ఆ సమయానికి మా వీధి పొడవునా పడుగు సాగదీసి, బాపూ పక్కింటివాళ్ళూ గంజి పెట్టి కుంచెతో దువ్వుతున్నారు. ఒక పటాకు కొట్టం గోడ దగ్గరే పేలింది. కోడె పలుపు తెంపుకుని వీధిలోకి దూకి, నేరుగా పడుగులోకి ఉరికింది. నిలువునా నూలు చుట్టుకుపోయింది. ఎంత గుంజుకుంటే అంత బిగుసుకుంది. మెడ దగ్గర తోలు కోసుకుపోయి రక్తం వచ్చింది. కష్టపడి చేసిన పడుగు పాడైందని పక్కింటివాళ్ళు అరుస్తుంటే బాపు మాత్రం కత్తి తెచ్చి నూలు కోసి దాన్ని బయటికి తీశాడు. సొంత పడుగును బాపు తన చేత్తో కోయడం నేను అదొక్కసారే చూశాను. మా బాపు ఎంత మంచివాడో అనుకున్నాను.

ఆ రోజు నుంచి బాపమ్మకు దిగులు పట్టుకుంది. ఆమె దిగులు పడుగు గురించి కాదు.

"శివరాత్రికి దీన్ని రాజన్న కాడికి తోల్కపోవాలె. నీ పేరు మీద కోడె మొక్కున్నది. గీ పిరికిది గా జాతరల నిలవడ్తదా?" అంది నాతో.

వేములవాడ గుడిలోని శివుడికి, మా రాజన్నకు, కోడెను మొక్కుకోవడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. కోడెను గుడి చుట్టూ తిప్పి, తెచ్చి కట్టేస్తారు. అంతకు ముందు ఏడాది పక్కింటి ఆమెతో నేను వేములవాడ పోయినప్పుడు కళ్ళారా చూశాను. ఆమెకు కోడె లేదు. గుడి దగ్గరే కోడెను ఇచ్చారు. పలుపు పట్టుకుని చుట్టూ తిప్పింది, కట్టేసింది, మొక్కింది, మేం ఇంటికి వచ్చేశాం. గుడి కోడె గుడి దగ్గరే ఉండిపోయింది. నేను చూసింది అంతే. మరి మా కోడె మాది కదా, అది మాతో ఇంటికి వస్తుంది అనుకున్నాను. ఇంటి నుంచి సొంత కోడెను తోలుకుపోయేవాళ్ళు దాన్ని దేవుడికే వదిలి వస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. నేను చూసినదాన్ని బట్టి నేను అనుకున్నదాంట్లో తిక్క ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

అయినా నేను అడగకపోలేదు. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గట్టు మీద కూర్చుని అడిగాను.

"బాపు, కోడె మల్ల మనింటికి వస్తది గద?"

బాపు నూలు కండె పెట్టిన నాడెను పడుగు మధ్య నుంచి విసిరి, పట్టుకుని, మళ్ళీ విసిరాడు.

"రాకెటు వోతది బిడ్డా? రాజన్న సుట్టు తిరిగి మనతోనె వస్తది. నువ్వు ఫికర్ జెయ్యకు. దాని బెదురు వోవాలె, గంతె."

ఆ మాట బాపు నా మొహం చూసి చెప్పాడా, నేత చూసుకుంటూ చెప్పాడా అని చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. నా మొహం చూసే చెప్పాడు. అదే నాకు ఎక్కువ బాధ.

బాపమ్మకు ఇంకో నమ్మకం కూడా ఉండేది. చుట్టూ తిప్పేటప్పుడు కోడె మొరాయిస్తే, బెదిరి పరుగు పెడితే, మొక్కు దేవుడికి ముట్టలేదని. ఎవరు చెప్పారో తెలియదు, ఆమె నమ్మింది. ఇక ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. దాని బెదురు పోగొట్టగలిగితే నేనే పోగొట్టాలి, ఇంకొకరి మాట అది వినదు. నాకు ఒకవైపు భయం. జాతరలో బెదిరి జనంలోకి దూకితే దాని కాలు విరగొచ్చు, బండ్ల కింద పడొచ్చు, ఎటో పారిపోయి మళ్ళీ దొరక్కపోవచ్చు. ఇంకోవైపు గర్వం. ఇంత పెద్దవాళ్ళకు చేతకానిది నా చేతిలో పెట్టారు.

సలహాలకు మాత్రం కొదువ లేదు. బాపమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి, మెడకు నల్లదారం కట్టింది. కోడె ఆ దారం కొస నమిలింది. అవ్వ దాని చెవుల్లో దూది పెట్టమంది. పెట్టాను. అది తల ఒక్కసారి విదిలిస్తే దూది పోయి పప్పు గిన్నెలో పడింది. చిన్నాయన తన ముంత చూపించి, "ఇంత కల్లు వోస్తె జాతరంత నిద్రవోతది. నిన్ను గూడ నిద్రవొమ్మంటది" అన్నాడు. నేను ముంత లాక్కుని పెరట్లో పారబోశాను. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

చివరికి నాకు తోచిందే నేను చేశాను. అది తవుడు తినేటప్పుడు పెరటి అవతల నుంచి ఖాళీ డబ్బా మీద పుల్లతో మెల్లగా కొట్టమని అవ్వకు చెప్పాను. చప్పుడు వినగానే కోడె తల ఎత్తింది. నేను గంగడోలు రాశాను, తవుడు మూతి దగ్గర పెట్టాను. కాసేపటికి మళ్ళీ తిన్నది. అది తింటున్నంతసేపే చప్పుడు. తినడం మానితే చప్పుడూ మానాలి. కొన్నాళ్ళకు డబ్బా పెరటి అవతల నుంచి పెరట్లోకి, పెరట్లో నుంచి కొట్టం గడప దగ్గరికి వచ్చింది. తొందరపడి ఒకసారి అవ్వ గట్టిగా కొడితే అది నా కాలు తొక్కి పారిపోయింది. మళ్ళీ పెరటి అవతలికి పోయి మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. నేను కొత్త కూర తిననప్పుడు అవ్వ నాకు కొంచెం కొంచెంగా అలవాటు చేసే పద్ధతే.

డబ్బా అలవాటయ్యాక డప్పు కావాల్సి వచ్చింది. బాపు ఎక్కడి నుంచో పాత డప్పు ఒకటి అడిగి తెచ్చాడు. సాయంత్రం మగ్గం దిగి, మంట వేసి డప్పు కాచి, గోడ అవతల నిలబడి కొట్టేవాడు. ఎంత అధ్వాన్నంగా కొట్టేవాడో చెప్పలేను. నేతలో చెయ్యి తప్పని మనిషికి డప్పు మీద ఒక్క దెబ్బ కూడా వరస కుదిరేది కాదు. మొదటి రోజు వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చి, "ఎవలు సచ్చిండ్రు? ముసలమ్మ గిట్ల వోయిందా?" అని అడిగారు. బాపమ్మ అరుగు మీద కూర్చుని, "నేనింక ఉన్న, మీ ఇండ్లకు పొండ్రి" అని కసిరింది. బాపూ నేనూ గోడకు చెరోవైపు నిలబడి కడుపు పట్టుకుని నవ్వాం. నా చిన్నతనంలో బాపుతో అంత దగ్గరగా ఉన్న రోజులు ఇంకెప్పుడూ లేవు. మామూలుగా బాపు మగ్గం గుంటలో ఉంటాడు, నేను వీధిలో ఉంటాను. ఆ చలికాలం మాత్రం రోజూ సాయంత్రం నా కోసం, నా కోడె కోసం డప్పు పట్టుకునేవాడు. తర్వాత అన్నీ తెలిశాక, ఆ సాయంత్రాలు కూడా నా నుంచి లాక్కున్నట్టే అయింది.

సంక్రాంతి పోయేసరికి కోడె డప్పు పక్కన నిలబడి చొప్ప నమలడం నేర్చుకుంది. వీధి పిల్లల్ని పిలిచి దాని చుట్టూ కేకలు వేయించాను. పాత దుప్పటి దాని వీపు మీద వేసి, రంగు గుడ్డలు కొమ్ములకు చుట్టి తిప్పాను. అన్నిటికీ నిలబడింది. నేను పక్కన ఉండి గంగడోలు మీద చెయ్యి వేస్తే చాలు.

అప్పుడు బాపు ఇంకో మాట అన్నాడు.

"నువ్వు కనవడకున్నా నిలవడాలె బిడ్డా. గంత మందిల నువ్వు జర పక్కకు వోతె అది పరేషాన్ కావద్దు."

నిజమే అనిపించింది. గుంజకు కట్టేసి నేను గోడ వెనక దాక్కున్నాను. మొదట్లో అది అరిచింది. అరుపు ఆగే దాకా నేను బయటికి రాకూడదని బాపు చెప్పాడు. గోడ వెనక కూర్చుని, చెవులు మూసుకుని, నేనే ఏడ్చాను. అరుపు ఆగగానే పరుగెత్తి పోయి గంజి అంటిన లంగా అంచు దాని నోటికి అందించాను. అలా కొన్ని రోజులకు నేను పోతే ఒకసారి చూసి, మేతలో తల పెట్టేది. బాపు దాన్ని చూసి తృప్తిగా తల ఊపేవాడు. అవ్వ మాత్రం ఆ పాఠం జరుగుతున్నంతసేపు ఇంట్లోకి పోయి కండెలు చుట్టుకునేది. ఒకరోజు నేను పోయి, "అవ్వా, సూడరాదే, ఎంత మంచిగ నిలవడ్డదో" అంటే, "సూసిన తియ్యి" అంది. రాట్నం మాత్రం ఆపలేదు.

శివరాత్రి ముందు రోజు చిన్నాయన అడిగి తెచ్చిన ఎడ్లబండిలో బయలుదేరాం. పెద్దవాళ్ళు బండిలో కూర్చున్నారు. నేను కోడె పలుపు పట్టుకుని వెనకాల నడిచాను. కాళ్ళు నొప్పులు పుడితే బండి ఎక్కమని అవ్వ చాలాసార్లు పిలిచింది. ఎక్కలేదు. దారి పొడవునా బండ్లు, భజనలు, దుమ్ము. వెనక నుంచి ఒక బస్సు హారన్ కొడితే పలుపు రెండు చేతులతో పట్టుకున్నాను. కోడె చెవులు రిక్కించి, నా భుజానికి మూతి ఆనించి, అలాగే నడిచింది. నేను సంతోషంతో దాని మెడ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. బండిలో నుంచి బాపమ్మ చేతులు జోడించి, "రాజన్నా, నీదే భారం" అంది.

మర్నాడు గుడి దగ్గర చప్పుడు నేను ఇంట్లో తయారు చేయగలిగినది కాదు. డప్పులు ఒక జత కాదు, ఎటు చూస్తే అటు. మైకుల్లో ఒక పాట మీద ఇంకో పాట. ఒగ్గు కథలవాళ్ళ డోళ్ళు, శంఖాలు, తప్పిపోయిన పిల్లల ఏడుపులు. ఒళ్ళంతా పసుపు పూసుకున్న శివసత్తులు, దేవుడు పూనిన ఆడవాళ్ళు, జుట్టు విరబోసుకుని ఎగురుతున్నారు. అవ్వ కోడె నుదుట బొట్టు పెట్టి, మెడలో పూలదండ వేసింది. బాపు పలుపు పట్టుకున్నాడు, నేను పక్కన చెయ్యి వేసి నడిచాను.

ఒక్కచోట మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ఒక శివసత్తు సరిగ్గా కోడె ముందుకు వచ్చి కేక పెట్టింది. ఆమె వెనకే డప్పులు. కోడె నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి ఆగిపోయింది. తోలు వణకడం నా చేతికి తెలుస్తోంది. బాపమ్మ మొహం తెల్లబోయింది. నేను దాని చెవి దగ్గర నోరు పెట్టి, "మన బాపు కొడ్తుండు, మన బాపే" అన్నాను. గంగడోలు కింది నుంచి పైకి రాశాను. కొంచెంసేపటికి ఊపిరి వదిలింది. ఒక కాలు ఎత్తింది. తర్వాత రెండోది. ఆ జనంలో, ఆ చప్పుడులో, మా పిరికి కోడె తన వీధిలో తిరిగినట్టు గుడి చుట్టూ తిరిగి వచ్చింది. బాపమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. గెలిచాం అనుకున్నాను. ఇక ఇంటికి పోవడమే మిగిలింది అనుకున్నాను.

కోడెల్ని కట్టేసే చోటికి తీసుకుపోయి బాపు దాన్ని కట్టాడు. పక్కన ఇంకా చాలా కోడెలు ఉన్నాయి. అందరం మొక్కాం. నేను లేచి పలుపు ముడి విప్పబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా."

"ఎందుకు? అయిపోయింది గద. పోదాం పా."

"మనం పోదాం. అది ఈడ్నె ఉంటది. రాజన్నకు ఇచ్చినం."

నాకు మాట అర్థం కాలేదు. ఆ కోడెల్ని చూసుకునే పెద్దమనిషి ఒకాయన గడ్డి తెచ్చి మా కోడె ముందు వేశాడు. దాని వీపు నిమిరి, "మంచిగ సాదిండ్రు. గింత మందిల జర గూడ బెదుర్త లేదు" అన్నాడు బాపుతో.

"మా బిడ్డ నేర్పింది" అన్నాడు బాపు.

గర్వంగా అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. అప్పుడే నాకు అంతా అర్థమైంది. దిగులు ఎందుకో, డప్పు ఎందుకో, గోడ వెనక నన్ను ఎందుకు దాచాడో. ఆ చెయ్యి భుజం మీద నుంచి విదిలించి కొట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. అబద్ధాలకోరు అన్నాను, దొంగ అన్నాను. కన్నతండ్రిని అనకూడని మాటలు అన్నాను. జనం చూస్తున్నారని అవ్వ నా నోటికి కొంగు అడ్డం పెట్టింది. కొంగు కొరికాను.

బాపమ్మ నా ముందు కూర్చుంది.

"ఊకోవే. నీ పానం కోసమే మొక్కిన. నువ్వు సిన్నప్పుడు జెరమొచ్చి కన్ను తెరువకపోతివి. బతికితె కోడెను ఇస్తనన్న. నువ్వు బతికితివి. ఇయ్యకపోతె నడుస్తదా?"

"నీకు మొక్కుంటె నువ్వే ఇచ్చుకోవాలె. నా కోడెనెందుకిచ్చినవ్? నాకెందుకు జెప్పలే?"

ఆమె గుడి వైపు తిరిగి చెంపలు వేసుకుంది. దేవుడి ముందు అట్లా అనొద్దు అని మాత్రం అంది. దేవుడి మీద నాకేం కోపం లేదు. ఆయన నాకేమీ చెప్పలేదు, వస్తదని మాట ఇవ్వలేదు. మాట ఇచ్చింది బాపు.

నన్ను చేతులు పట్టుకుని లాక్కుపోయారు. వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. కోడె తల ఎత్తి నా వైపు ఒకసారి చూసింది. నేను పోతున్నాను, మళ్ళీ వస్తాను, అదే కదా దానికి తెలిసింది. గడ్డిలో తల పెట్టింది. ఒక్క అరుపు కూడా అరవలేదు. అరిచి ఉంటే, పలుపు తెంపుకుని నా వెంట వచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. పిరికిదిగానే ఉంచి ఉంటే అది నాకు దక్కేదేమో.

రాత్రి చుట్టాల ఇంట్లో ఉండి, పొద్దున మళ్ళీ బండి ఎక్కాం. ఈసారి నేనూ బండిలోనే.  బాపమ్మ ప్రసాదం నా చేతిలో పెడితే బండి బయట పారేశాను. చిన్నాయన ఎడ్లను అదిలిస్తూ వెనక్కి కూడా చూడలేదు. చివరికి నేనే అడిగాను.

"మల్ల వస్తదని ఎందుకన్నవ్ బాపు?"

బాపు మెల్లగా, కోపం లేకుండా అన్నాడు.

"ముందుగాల జెప్తె నువ్వు నేర్పుదువా బిడ్డా?"

అంతకన్నా నిజమైన మాట ఆ చలికాలమంతా ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నేర్పేదాన్ని కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. నేనంటే ప్రేమ లేక కాదు, నేనంటే ఏమిటో బాగా తెలిసే మోసం చేశారు. బయటివాళ్ళు మోసం చేస్తే వాళ్ళకు మనం తెలియదులే అనుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు చేస్తే ఆ వీలు కూడా ఉండదు.  మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

సాయంత్రం అవ్వ చెంబు తీసుకుని కొట్టంలోకి పోయింది. మా ఆవుకు దూడ మూతి పెడితే గానీ పాలు చేపేది కాదు. మేం లేనప్పుడు పక్కింటి ఆమె గడ్డి వేసింది, పాల మాట తలపెట్టలేదు. ఆవు గుంజ చుట్టూ తిరుగుతోంది. వీధి వైపు మెడ చాచి అరుస్తోంది. అవ్వ పొదుగు ముట్టుకుంటే తన్నింది, చెంబు దూరంగా పోయి పడింది. బాపమ్మ ఉప్పు తిప్పింది. చిన్నాయన పచ్చగడ్డి తెచ్చి వేశాడు. అది వాసన కూడా చూడలేదు. పొదుగు సలపరించి అది అరిచే అరుపు వీధి చివరి వరకు వినిపించింది.

"గా పొల్లను పంపుండ్రి. దాని చెయ్యి తాకితె ఊకుంటది" అంది బాపమ్మ లోపల నుంచి.

బాపు నా దగ్గరికి వచ్చాడు. నేను మగ్గం గది గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. నా ముందు కింద కూర్చున్నాడు.

"బిడ్డా, జర ఆవును సముదాయించరాదు. పాపం మొత్తుకుంటున్నది. నువ్వు గంగడోలు రాస్తె సాలు."

నాకు తెలుసు. నేను పోతే ఊరుకుంటుంది. పది నిమిషాలు పట్టేదేమో. నా చేతులు కూడా లేచిపోదామనే అనుకున్నాయి.

"మొత్తుకోనీ" అన్నాను. "దాని బిడ్డను ఎటు తోల్కపోయినమో దానికెవలు జెప్పలే."

బాపు లేచి పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు గానీ నాడె ముట్టుకోలేదు. ఆవు అరుస్తూనే ఉంది. ఇంట్లో అందరూ దాన్ని వింటూ కూర్చున్నారు, నేను లేవలేదు.